సంతకం పెట్టించుకుంటే శిక్షణ అయిపోతుందా?

సంపాదకుల వారికి,

పురుగుమందుల లైసెన్సున్న రైతులకు మళ్లీ మళ్లీ తరగతులు దండగ, ఎత్తేయాలి అని మీ పత్రికలో వ్యాసం వచ్చి పది రోజులైంది. పొలం పనుల్లో పడి వెంటనే రాయలేకపోయాను. రాయకుండా ఊరుకోనూ లేను.

పాతికేళ్లుగా లైసెన్సుతో పురుగుమందు కొడుతున్న రైతుని. పోయినసారి తరగతి దండగే, ఒప్పుకుంటాను. పొద్దున రిజిస్టరులో సంతకం పెట్టించుకున్నారు. తెర మీద ఉన్నదే చదివి వినిపించారు. మధ్యాహ్నానికి సగం కుర్చీలు ఖాళీ. సాయంత్రం సర్టిఫికెట్లు మాత్రం అందరికీ వచ్చాయి, మధ్యలో వెళ్లిపోయినవాళ్లకు కూడా. అంతసేపట్లో ఒక్క స్ప్రేయరు కళ్లబడలేదు.

కానీ అంతకుముందు ఒకసారి వచ్చిన శాస్త్రవేత్త పాఠం వేరు. అప్పటికి రెండు సీజన్లుగా తెల్లదోమ చావక నేను మందులు మార్చి మార్చి కొడుతున్నాను. ఇమిడాక్లోప్రిడ్ పనిచేయలేదని థయామెథాక్సామ్, అదీ లాభం లేదని ఎసిటామిప్రిడ్. పురుగుమీద పనిచేసే తీరునుబట్టి మందులను గ్రూపులుగా విడదీస్తారనీ, ఈ మూడూ 4ఎ అనే ఒకే గ్రూపువేననీ, దోమను ఒకే దారిలో దెబ్బతీస్తాయనీ, ఒకదానికి తట్టుకున్న దోమ మిగతావాటికీ తట్టుకోగలదనీ ఆయన డబ్బాలు చేతికిచ్చి చెప్పేదాకా నాకు తెలియదు. తర్వాత మా స్ప్రేయర్లే తెప్పించి, ఒక్కో నాజిల్ కింద కొలత జగ్గు పెట్టి నిమిషంపాటు నీళ్లు పట్టించారు. కొత్తదానికంటే నూటికి పది పాళ్లు ఎక్కువ వదిలితే ఆ నాజిల్ తీసేయాలట. నావాటిలో మూడు అంతకు మించే వదిలాయి. ఎన్నేళ్లు మోతాదు దాటించి పంటమీద పోశానో తలచుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

లైసెన్సు తీసుకున్ననాడు నేర్చుకున్నది ఎప్పటికీ సరిపోదు. అమెరికాలో 2017 నిబంధనల ప్రకారం పురుగుమందు కొట్టేవాళ్ల సర్టిఫికెట్ గడువు 5 ఏళ్లకు మించకూడదు. మనవాళ్లకు ఎంతమంది వచ్చారన్న లెక్కే కావాలి, ఏం నేర్చుకున్నారన్నది అక్కర్లేదు. ఏ శాఖ చూసినా ఇదే తంతు, కాగితం నిండితే పని అయిపోయినట్టే. పిచికారీ చేసేవాడి ఒంట్లోకి మందు ఎక్కువగా చేరేది చర్మం గుండా. అయినా ముక్కుకు గుడ్డ కట్టుకుని ఒట్టి చేతులతో మందు కలిపేవాళ్లని ఇప్పటికీ చూస్తున్నాను. వాళ్లంతా సర్టిఫికెట్లు ఉన్నవాళ్లే!

తరగతులు ఎత్తేయొద్దు. హాల్లోంచి పొలంలోకి తీసుకురండి. వచ్చేసారి మా పొలంలో పెడతానంటే స్ప్రేయరు, జగ్గు, నీళ్లు నేను సిద్ధంగా ఉంచుతాను.

– ఒక లైసెన్సుదారు రైతు