కార్యదర్శి వార్షిక నివేదిక: మస్కట్ల సాయంత్రం జరుపుకున్న ఏడాది

అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

మన సంఘం ఎందుకు పుట్టిందో మళ్లీ చెప్పనక్కర్లేదు. పిల్లలు అమెరికాలో, మనం కూకట్‌పల్లి, నిజాంపేట, మియాపూర్ ఫ్లాట్లలో. ఈ ఏడాది వీసా ఇంటర్వ్యూల మీద, బ్యాంకు లోన్ల మీద, సూట్‌కేసులు సర్దడం మీద ఎప్పట్లాగే సమావేశాలు పెట్టుకున్నాం. పచ్చళ్లలో నూనె కారకుండా ప్యాక్ చేయడం చూపించిన అక్కయ్యలకు ధన్యవాదాలు.

నేను వివరంగా రాయాలనుకున్నది బోనాలు అయ్యాక ఒక ఆదివారం కమ్యూనిటీ హాల్లో జరిపిన మస్కట్ల సాయంత్రం గురించే. మస్కట్ అంటే అమెరికా యూనివర్సిటీ తన గుర్తుగా పెట్టుకునే జంతువో, బొమ్మో; చాలాచోట్ల ఒక విద్యార్థి ఆ వేషం వేసుకుని ఆటల్లో జనాన్ని హుషారెత్తిస్తాడు. "ఫీజులు, ఉద్యోగాల టెన్షన్‌లో మనముంటే ఈ బొమ్మల మీటింగ్ ఏంటి?" అని కార్యవర్గంలోనే కొందరు అడిగారు. పిల్లలు ఫోన్‌లో ఆట గురించో, టీషర్టు మీద బొమ్మ గురించో ఉత్సాహంగా చెబుతుంటే మనం "ఊ, అన్నం తిన్నావా?" అంటున్నాం. ఆ సంబరం ఏమిటో మనకూ తెలియాలి కదా అన్నది నా పట్టుదల.

ఎవరింట్లో ఏముంటే అది తెమ్మన్నాం. టోపీలు, కప్పులు, ఉతికి ఉతికి రంగు వెలిసిన స్వెట్‌షర్టులు, ఒక టేబుల్ చాలలేదు. ఒక్కో బొమ్మ కథ చెబుతుంటే హాలంతా నిశ్శబ్దం. యేల్ యూనివర్సిటీలో 1889 నుంచే హ్యాండ్సమ్ డాన్ అనే పేరుతో బుల్‌డాగ్‌లు ఉంటున్నాయి. టెక్సాస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీలో 1931లో వచ్చిన కుక్క పేరు రెవెలీ, ఆ పేరుతోనే ఒకదాని తర్వాత ఒకటి వస్తున్నాయి. క్లాసులో రెవెలీ మొరిగితే క్లాసు వదిలేయాలన్నది అక్కడి ఆనవాయితీ. చనిపోయిన రెవెలీలను స్టేడియం పక్కనే పాతిపెట్టి, వాటికి స్కోరు కనపడేలా చిన్న బోర్డు కూడా పెట్టారంటే ఇద్దరు ముగ్గురు కళ్లు తుడుచుకున్నారు.

మన పిల్లలు ఎక్కువగా ఉండే యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ ఎట్ డాలస్‌ది టెమాక్. కామెట్ అన్న మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో వెనక నుంచి చదివితే వచ్చే పేరు అది. నీలం ఒళ్లు, మంటల్లాంటి జుట్టు. ఒక ఇంట్లో అత్తగారు రాక్షసుడనుకుని ఆ చొక్కాను దేవుడి గది దగ్గర ఆరేయనివ్వలేదట! అక్కడ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు లేదు, చదరంగం జట్టుకు మాత్రం పెద్ద పేరు. ల్యాబుల్లో, లైబ్రరీల్లో గడిపే పిల్లలు "ఇది మా కాలేజీ" అనుకోవడానికి అలాంటి బొమ్మ ఒకటి ఉండాలి.

సెంట్రల్ మిస్సోరీ యూనివర్సిటీది కంచరగాడిద. ఒక సభ్యులు ఆ సంగతి చుట్టాలకు ఇన్నాళ్లూ చెప్పలేదట. ఆ రాష్ట్రంలో కంచరగాడిదలే పొలాలు దున్నాయని, బళ్లు లాగాయని, యుద్ధాలకూ వెళ్లాయని, రాష్ట్ర జంతువు కూడా అదేనని చెప్పాక, "అయితే మన అరక ఎద్దుల్లాంటివే" అని లేచి నిలబడి మరీ అన్నారు.

నిజాంపేట నుంచి వచ్చిన ఒకమ్మ చెప్పింది మాత్రం నేను మర్చిపోలేను. వేషం లోపల ఎవరున్నారో బయటికి చెప్పకూడదన్న కట్టుబాటు చాలా యూనివర్సిటీల్లో ఉంది. వాళ్లబ్బాయి రెండేళ్లు ఆ వేషం వేసినా ఇంట్లో చెప్పలేదు. కాన్వొకేషన్ లైవ్‌లో చూస్తుంటే నల్ల గౌను కింద జంతువు పాదాల్లాంటి రెండు బొచ్చు బూట్లు. "వీడి చెప్పులేంటి ఇలా ఉన్నాయి?" అని ఆమె అనుకునేలోపే అక్కడ జనమంతా లేచి చప్పట్లు. ఆ వేషం వేసింది వీడేనని బూట్లు చూడగానే తెలిసిపోయింది మరి. ఆ రెండేళ్లూ ఉడికిపోయే ఆ వేషంలో మాట్లాడకుండా, సరిగా ముందు కనపడకుండా, పక్కవాళ్ల చెయ్యి పట్టుకుని నడిచాడట. ఆ వీడియోను ఆమె మాకు నాలుగుసార్లు చూపించింది.

అప్పుడే లష్కర్ (సికింద్రాబాద్) నుంచి వచ్చిన మన పెద్దాయన, బోనాల్లో కనిపించే పోతురాజు మాట ఎత్తారు. పోతురాజు అమ్మవారి తమ్ముడు, బొమ్మతో పోల్చకూడదని ముందే చెప్పి, పసుపు ఒళ్లు, గజ్జెలు, కొరడాతో పోతురాజు ముందుకు దూకితేనే వెనక జనంలో ఊపొస్తుందన్నారు. ఉస్మానియాలో చదివిన మన అధ్యక్షులు, తమకు ఆర్ట్స్ కాలేజీ మెట్లే గుర్తనీ, ఇప్పటికీ ఆ దారిన వెళ్తే బండి ఆపుతాననీ అన్నారు.

ఇక కష్టం కూడా చెప్పాలి. వాట్సాప్ గ్రూపులో బొటనవేలు గుర్తు పెట్టినవాళ్లు ఇరవై మంది, కుర్చీలు వేయడానికి వచ్చింది ముగ్గురు. హాలు అనుమతి కోసం ఒక ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగాను, సార్ ప్రతిసారీ మీటింగ్‌లోనే. వచ్చే ఏడాదికి పేరు ఇచ్చేవాళ్లు దయచేసి మనిషి కూడా రండి. ఆ ముగ్గురికీ, ప్రొజెక్టర్ ఇచ్చిన సభ్యులకూ, మిర్చి బజ్జీలు వేసి పంపిన వదినగారికీ, వాచ్‌మన్ కుటుంబానికీ సంఘం తరఫున నమస్కారాలు.

జమాఖర్చులు కోశాధికారి చదువుతారు. లోటు లేదు, మిగులూ పెద్దగా లేదు.

ఆ రోజు టేబుల్ మీద ఒక ఎర్ర టోపీ మిగిలిపోయింది, మీద కంచరగాడిద బొమ్మ ఉంది. మా ఇంట్లో భద్రంగా ఉంది, ఎవరిదో వచ్చి తీసుకెళ్లగలరు.

ఇట్లు,
కార్యదర్శి