క్రీడా విభాగం వార్షిక నివేదిక 2025: లూకా పోయాడు, ఫ్లాగ్ వచ్చాడు, ఇక ముందేమిటి?

సభ్యులందరికీ నమస్కారం.

మామూలుగా ఈ నివేదికలో శిబిరాలు, పోటీలు, జమాఖర్చులు వరసగా చెప్పి ముగిస్తాం. కానీ డాలస్‌లో ఉండి బాస్కెట్‌బాల్ చూసేవాళ్ళకు 2025 మామూలు సంవత్సరం కాదు. ఫిబ్రవరిలో మన ఎన్‌బిఎ జట్టు డాలస్ మావెరిక్స్ తన మేటి ఆటగాడు లూకా డాన్చిచ్‌ను వదులుకుంది, మే నెలలో డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్ళ ఎంపికలో) మొదటి వంతు ఎవరిదో తేల్చే లాటరీ తగిలి కూపర్ ఫ్లాగ్ వచ్చాడు, నవంబర్‌లో జనరల్ మేనేజర్ ఉద్యోగం ఊడింది. మన సమావేశాలన్నీ ఈ మూడింటి చుట్టూనే తిరిగాయి కాబట్టి ఈసారి నివేదికలో లెక్కల కంటే వాదనలే ఎక్కువ. జమాఖర్చుల పత్రం విడిగా జతచేశాం.

ఫిబ్రవరి సమావేశం

ఫిబ్రవరి 1, శనివారం రాత్రి పొద్దుపోయాక ఆ వార్త వచ్చింది. హైదరాబాద్‌లో, విజయవాడలో అప్పటికే ఆదివారం పొద్దెక్కింది. అక్కడి తమ్ముళ్ళు ఫోన్ చేసి "మీ లూకాని అమ్మేశారట" అంటేనే మనలో కొందరికి తెలిసింది. వార్త బయటపెట్టిన విలేకరి ఖాతాను ఎవరో హ్యాక్ చేశారనే చాలామంది అనుకున్నారు.

ఆ వారాంతం పెట్టిన సమావేశం సంతాప సభలా మొదలైంది. పాతికేళ్ళ కుర్రాడు, ముందటి జూన్‌లోనే జట్టును ఫైనల్స్‌కు తీసుకెళ్ళినవాడు. అతనికి బదులుగా లేకర్స్ నుంచి వచ్చింది 31 ఏళ్ళ ఆంథనీ డేవిస్, మ్యాక్స్ క్రిస్టీ, 2029 మొదటి రౌండ్ పిక్ (ఆ ఏటి డ్రాఫ్ట్ మొదటి విడతలో ఆటగాణ్ణి ఎంచుకునే వంతు) ఒక్కటి. కోపమంతా ఆటగాడు పోయినందుకే అయినా, చర్చ ముదిరేకొద్దీ అసలు ప్రశ్న వేరని తేలింది: ఒక్కటే పిక్ ఎందుకు? 2019లో పాల్ జార్జ్‌ను ఇచ్చిన ఓక్లహోమా సిటీకి క్లిప్పర్స్ నుంచి షే గిల్జియస్-అలెగ్జాండర్‌తో పాటు ఐదు మొదటి రౌండ్ పిక్‌లు, రెండు మార్పిడి హక్కులు (తమ పిక్ ఇచ్చి అవతలి జట్టు మెరుగైన పిక్ తీసుకునే హక్కు) దక్కాయి. లూకా స్థాయి ఆటగాడికి ఎంత రావాలో ఎవరికి వారే లెక్కేసుకోవచ్చు.

తర్వాత జరిగింది మీకు తెలిసిందే. డేవిస్ డాలస్ తరఫున ఆడిన మొదటి ఆటలోనే గాయపడ్డాడు. మార్చి 3న కైరీ అర్వింగ్ మోకాలి లిగమెంట్ తెగింది. జట్టు 39 గెలుపులు, 43 ఓటములతో ముగించి, ప్లే-ఇన్‌లో (ప్లేఆఫ్స్‌కు ముందు జరిగే అర్హత ఆటల్లో) మెంఫిస్ చేతిలో ఓడి ఇంటికొచ్చింది.

మే 12, లాటరీ రాత్రి

ఆ రాత్రి కార్యక్రమానికి జనం పెద్దగా రారనుకుని చిన్న గది తీసుకున్నాం. నిజానికి రావడానికి కారణమూ లేదు. పదునాలుగు బంతుల్లో నాలుగు తీస్తే వచ్చే కలయికలు 1,001. అందులో ఒకటి పక్కనపెట్టి మిగిలిన వెయ్యిని ప్లేఆఫ్స్‌కు చేరని పద్నాలుగు జట్లకు, ఎక్కువ ఓడినవాళ్ళకు ఎక్కువగా పంచుతారు. డాలస్ వాటా 18. అంటే 1.8 శాతం. అదీ తమలాగే 39 గెలిచిన షికాగోతో టై తేల్చడంలో నెగ్గడం వల్ల వచ్చింది. మొదటి పిక్ డాలస్‌దని ప్రకటించగానే గదిలో లేచిన అరుపులకు పక్క హాల్లో భజన కాసేపు ఆపాల్సి వచ్చింది. వారికి మరోసారి క్షమాపణలు.

అసలు దెబ్బ యూటాకు తగిలింది. 65 ఓడి లీగ్‌లో అట్టడుగున నిలిచిన జట్టు అయిదో స్థానానికి జారింది. లూకాను వదులుకున్నందుకు బదులుగా లీగ్ వాళ్ళే ఫ్లాగ్‌ను కట్టబెట్టారని మనవాళ్ళలోనూ కొందరు గట్టిగా నమ్ముతున్నారు. కానీ బంతులు తీసేటప్పుడు గదిలో జట్ల ప్రతినిధులు, విలేకరులు, ఆడిటర్లు ఉంటారు. పైగా 2008లో షికాగో, 2014లో క్లీవ్‌లాండ్ ఇంకా తక్కువగా 1.7 శాతంతో గెలిచాయి. ఎప్పుడో ఒకప్పుడు ఎవరికో ఒకరికి తగలడమే లాటరీ. 2019 నుంచి అట్టడుగు మూడు జట్లకూ తలా 14 శాతమే ఇస్తున్నారు కనుక ఇలాంటివి ఇకపైనా జరుగుతాయి.

డ్రాఫ్ట్ అంచనాల పోటీ

జూన్ 25 డ్రాఫ్ట్‌కు ముందు పెట్టిన పోటీలో మొదటి రెండు పేర్లకు మార్కులు వేయలేదు. కూపర్ ఫ్లాగ్ డాలస్‌కు, డిలన్ హార్పర్ శాన్ ఆంటోనియోకు అని అందరూ రాశారు. మూడో స్థానం దగ్గర కాగితాలు చీలిపోయాయి. ఏస్ బెయిలీ ఫిలడెల్ఫియాలో జరగాల్సిన వర్కవుట్ రద్దు చేసుకున్నాడన్న వార్తను పట్టించుకున్నవాళ్ళు వి.జె. ఎడ్జ్‌కూంబ్ అని రాసి గెలిచారు. పట్టించుకోనివాళ్ళు బెయిలీ అయిదో పిక్‌గా యూటాకు పోతుంటే చూస్తూ ఉండిపోయారు. నాలుగో పిక్ కాన్ క్నూపెల్ అని సరిగ్గా రాసింది మన తొమ్మిదో తరగతి అమ్మాయి. డ్యూక్ ఆటలన్నీ ఫ్లాగ్ కోసం చూస్తూ పక్కవాణ్ణి గమనించానంది. పదహారో పిక్‌గా పోర్ట్‌లాండ్‌కు చైనా సెంటర్ యాంగ్ హాన్సెన్ పేరు చదివినప్పుడు మాత్రం ఒక్క కాగితంలోనూ ఆ పేరు లేదు.

ఆ రాత్రి ఎక్కువ మాట్లాడుకున్నది న్యూ ఆర్లియన్స్ గురించి. 23వ స్థానం నుంచి 13కు ఎగబాకి డెరిక్ క్వీన్‌ను తీసుకోవడానికి, ఏ రక్షణ షరతూ (పిక్ పై స్థానాల్లో పడితే తామే ఉంచుకుంటామన్న షరతు) లేకుండా 2026 మొదటి రౌండ్ పిక్‌ను అట్లాంటాకు ఇచ్చేశారు. కుర్రాడు బాగా ఆడవచ్చు. కానీ తాము బాగా ఆడతామో లేదో తెలియని జట్టు వచ్చే ఏడాది పిక్ ముందే రాసిచ్చేయడం, పంట రాకముందే పొలం తాకట్టు పెట్టడమే. సీజన్ మొదలై నవంబర్ సగానికి ఆ జట్టు కోచ్‌నే తీసేసింది.

పునర్నిర్మాణంపై చర్చ

వేసవిలో, సీజన్ మొదలయ్యాక రెండు విడతలుగా జరిగిన ఈ చర్చే ఏడాదికంతా ముఖ్యమైనది. కావాలని ఓడి పైకి రావచ్చా? ఫిలడెల్ఫియా ఆ పని మూడేళ్ళు బాహాటంగానే చేసింది. 2015-16లో 72 ఓడింది. ఎంబీడ్, సిమన్స్ దొరికినా ఇప్పటిదాకా రెండో రౌండ్ దాటలేదు. ఓక్లహోమా సిటీ కూడా రెండేళ్ళు అడుగునే ఉంది. కానీ ఈ జూన్‌లో కప్పు గెలిచిన జట్టులో షే గానీ, జేలెన్ విలియమ్స్ గానీ వాళ్ళు ఓడి సంపాదించినవాళ్ళు కారు. ఒకరు క్లిప్పర్స్ ఇచ్చిన ఆటగాడు, మరొకరు క్లిప్పర్స్ ఇచ్చిన పిక్. ఓటమి వల్ల వచ్చింది చెట్ హోమ్‌గ్రెన్. ఫైనల్స్‌లో వాళ్ళను ఏడో ఆట దాకా లాక్కొచ్చిన ఇండియానా అయితే కావాలని అట్టడుగుకు దిగకుండానే హాలిబర్టన్, సియాకమ్‌లను ట్రేడ్‌లలో తెచ్చుకుంది.

అంటే ఎంత ఓడామన్నది కాదు, పక్కవాడి పిక్‌లు మన చేతిలో ఉన్నాయా, మనవి పక్కవాడి చేతిలో ఉన్నాయా అన్నదే లెక్క. ఈ విద్య డాలస్‌కు కొత్త కాదు. 1980లలో క్లీవ్‌లాండ్ యజమాని టెడ్ స్టెపియన్ ఎడాపెడా ఇచ్చేసిన పిక్‌లతోనే డెరెక్ హార్పర్, శామ్ పెర్కిన్స్, డెట్లెఫ్ ష్రెంఫ్, రాయ్ టార్ప్లీ డాలస్‌కు వచ్చారు. వరసగా రెండేళ్ళ మొదటి రౌండ్ పిక్‌లు అమ్ముకోకూడదన్న నిబంధనకు ఆయన పేరే పెట్టారు.

2025 చివరికి డాలస్ పరిస్థితి చూడండి. 2027 పిక్ మొదటి రెండు స్థానాల్లో పడితే తప్ప షార్లెట్‌ది. 2028లో ఓక్లహోమా సిటీకి, 2030లో శాన్ ఆంటోనియోకు మార్పిడి హక్కు ఉంది. 2029ది హ్యూస్టన్ చేతికి పోయింది. లేకర్స్ 2029 పిక్ ఒకటి ఉంది కానీ, అది ఎక్కడ పడుతుందో లూకా మోకాళ్ళనే అడగాలి. 2030 దాకా చూస్తే తనవాటిలో పూర్తిగా సొంతమైనది 2026 ఒక్కటే. ఆ డ్రాఫ్ట్‌లో డారిన్ పీటర్సన్, ఎ.జె. డిబాంట్సా, కామెరాన్ బూజర్ ఉన్నారు.

"ఓడిపోవడం చూడ్డానికి ఇంత ఖరీదు టికెట్టు కొనాలా బాబూ?" అని మన పెద్దాయన ఒకరు అడిగారు. "ఈ ఒక్క ఏడాదే అంకుల్. వచ్చే ఏడాది నుంచి మనం ఓడితే లాభం షార్లెట్‌కి" అని కుర్రాళ్ళు. వాదన ఎటూ తేలలేదు, ఓటింగ్ పెట్టలేదు. 2023 ఏప్రిల్‌లో పిక్ కాపాడుకోవడానికి ఆటగాళ్ళను కూర్చోబెట్టి డాలస్ 7,50,000 డాలర్ల జరిమానా కట్టిన సంగతి గుర్తుచేశారు ఒకరు. ఆ పిక్‌ను కాస్త వెనక్కి జరుపుకునే డెరెక్ లైవ్లీని తెచ్చుకున్నారని, అతనే మరుసటి ఏడాది ఫైనల్స్ ఆడాడని ఇంకొకరు.

నా అభిప్రాయం రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. ఫ్లాగ్‌ను కూర్చోబెట్టకూడదు. పద్దెనిమిదేళ్ళ పిల్లాడికి ఓడటం నేర్పితే అది వదలదు. డేవిస్‌ను మాత్రం అమ్మి పిక్‌లు తెచ్చుకోవాలి. ఫ్లాగ్ పాతికేళ్ళవాడయ్యే నాటికి డేవిస్ 38లో ఉంటాడు. ఇద్దరినీ ఒకే కప్పు కోసం కాపాడుకోవడం కుదరని పని. వచ్చిన ఆటగాళ్ళు తక్కువైతే ఓటములు వాటంతట అవే వస్తాయి, ఎవరూ నటించక్కర్లేదు.

నవంబర్ 11న, లూకాను వదులుకున్న జనరల్ మేనేజర్ నికో హారిసన్‌ను తొలగించారు. అప్పటికి జట్టు 3 గెలిచి 8 ఓడింది. ఆ సాయంత్రం మన గ్రూపులో స్వీట్ల ఫోటోలు పెట్టినవాళ్ళకు ఒక మనవి: ఆయన పోయాడు గానీ పిక్‌లు తిరిగి రాలేదు. డిసెంబర్ 15న యూటా మీద ఫ్లాగ్ 42 కొట్టాడు. పద్దెనిమిదేళ్ళ వయసులో 40 దాటినవాడు లీగ్ చరిత్రలో ఇతనొక్కడే. ఆట ఓడారు. చర్చలోని రెండు పక్షాలూ ఆ రాత్రి సంతోషంగానే నిద్రపోయాయి.

పిల్లల శిబిరం

వేసవి శిబిరం ఎప్పటిలాగే జరిగింది. ఈ ఏడాది ఒక పూట సత్నామ్ సింగ్ గురించి చెప్పాం. పంజాబ్ పల్లె నుంచి వచ్చిన అతన్ని 2015లో 52వ పిక్‌గా తీసుకున్నది మన డాలస్సే. భారతదేశంలో పుట్టి ఎన్‌బిఎ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటివాడు. ఎన్‌బిఎలో ఒక్క ఆట కూడా ఆడలేదన్నదీ దాచకుండా చెప్పాం. రెండో రౌండ్ పిక్ అంటే ఏమిటో పిల్లలకు అంతకంటే బాగా అర్థమయ్యే దారి దొరకలేదు.

వచ్చే ఏడాది

మే నెల లాటరీ రాత్రికి పెద్ద హాలే తీసుకుంటున్నాం, భజన బృందంతో తేదీ ముందే మాట్లాడుకుంటాం. అంచనాల పోటీలో ట్రేడ్‌లకూ మార్కులుంటాయి. ఏ జట్టు ఎవరి పిక్‌ను కొంటుందో రాయాలి. చందా బాకీ ఉన్నవారు జనవరిలోగా కోశాధికారికి ఇవ్వగలరు.

కార్యదర్శి, క్రీడా విభాగం