బాలల గృహాల ప్రచారం: ఫొటోకు ముందు చేయాల్సిన పని

సంపాదకులు గారికి,

వెనక వరుసలో దాతలు, ముందు వరుసలో నేల మీద కూర్చున్న పిల్లలు, మధ్యలో ఒక బ్యానరు. కింద నాలుగు లైన్ల వార్త. బాలల గృహాల గురించి పత్రికల్లో వచ్చేది చాలావరకు ఇదే. తప్పు పత్రికలదే అనలేం, హోంల నుంచి వచ్చే ప్రెస్ నోట్లే అలా ఉంటాయి. ఆ వార్త చదివితే దాత ఎవరో తెలుస్తుంది, పిల్లల ముఖాలు తెలుస్తాయి. హోం రోజూ ఏం పని చేస్తుందో, దానికి ఏం కొరత ఉందో మాత్రం తెలియదు. దాచాల్సింది బయటపెట్టి, చెప్పాల్సింది మింగేసినట్టు. స్వచ్ఛంద సంస్థల ప్రచార వ్యవహారాలు చూసేవాళ్లం కాబట్టి, ఈ పని ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ చెడుతుందో కాస్త వివరంగా రాస్తున్నాం. హోం నడిపేవారికీ, వార్త రాసేవారికీ పనికొస్తుందని ఆశ.

చాలా సంస్థలకు ప్రచారం గుర్తొచ్చేది ఖాతా ఖాళీ అయ్యాకే. హడావుడిగా ఒక కరపత్రం వేస్తారు. అందులో 'ఆదుకోండి' అని ఉంటుంది తప్ప ఎవరు, ఎంత, ఎప్పటిలోగా అన్నది ఉండదు. కనీసం మూడు నెలల ముందు కూర్చోవాలి. అందులో మొదటి మూడు వారాలు బయటికి ఒక్క మాటా పోనక్కర్లేదు, అది లెక్కల సమయం. ఏడాది ఖర్చును నెలవారీగా ఒక కాగితం మీద వేసి, పక్కనే కచ్చితంగా వచ్చే ఆదాయం రాయండి. విరాళాలు రెండు మూడు నెలల్లో కుప్పగా వచ్చి మిగతా నెలల్లో ఎండిపోతాయి, జీతాలు మాత్రం నెలనెలా ఇవ్వాలి. ఈ కాగితం చేతిలో ఉంటే చాలాచోట్ల తేలే సంగతి ఒకటే: లోటు వస్తువుల్లో లేదు. పాత బట్టలు, బొమ్మలు పెట్టుకునే చోటు లేనంతగా వస్తున్నాయి. రాత్రి డ్యూటీ చేసే ఆయా జీతానికి, కౌన్సెలర్ జీతానికి ఇచ్చేవాళ్లే లేరు. మరి కరపత్రంలో అడుగుతున్నదేమో బట్టలూ బొమ్మలూ.

ఆ మూడు వారాల్లోనే పదిహేను ఇరవై మందిని పలకరించాలి. ఇరుగుపొరుగు, పిల్లలు చదివే స్కూలు టీచర్లు, ఒక్కసారి ఇచ్చి మళ్లీ ఇవ్వని దాతలు. 'లోపల ఏం జరుగుతుందని మీరు అనుకుంటున్నారు?' అని అడిగి, వాళ్ల మాటల్లోనే రాసుకోవాలి. 'వాళ్లకేం, బోలెడు డబ్బు వస్తుంది' అన్న జవాబు వస్తే ఆ ప్రచారానికి మొదటి పని జాలి పుట్టించడం కాదు, ఆడిట్ లెక్కలు అర్థమయ్యే భాషలో ఒక పేజీ వేసి చూపించడం. మళ్లీ ఇవ్వని దాత చెప్పే కారణం తరచుగా ఇంకా చిన్నది: రసీదు రాలేదు.

లక్ష్యం ఒక్క వాక్యంలో, అంకెతో ఉండాలి. 'అవగాహన పెంచడం' అనేది లక్ష్యం కాదు, దాన్ని ఎవరూ కొలవలేరు. ఉదాహరణకు, ఆరు నెలల్లో నెలనెలా ఇచ్చే దాతలు 60 మంది కావాలనుకుందాం. వచ్చి చూసిన ప్రతి ఐదుగురిలో ఒకరు చేరతారనుకుంటే 300 మంది రావాలి. ఒక విడతకు 15 మంది చొప్పున 20 విడతలు. ఆరు నెలలంటే 26 వారాలు, అంటే దాదాపు వారానికొక విడత. వాళ్లకు చూపించి, ప్రశ్నలకు జవాబు చెప్పే మనిషి హోంలో ఉన్నారా? లేకపోతే 60ని 25 చేసుకోవడమే మర్యాద. ఇక ఆ సందర్శన పిల్లలు స్కూల్లో ఉన్న వేళే పెట్టాలి. వంటగది, చదువుకునే గది, మందుల రిజిస్టరు ఎలా నిర్వహిస్తారన్న వివరం, రాత్రి కాపలా ఏర్పాటు చూపిస్తే చాలు. పిల్లలు పడుకునే గదులు చూడటానికి తెలియనివాళ్లు రావడం ఏ ఇంట్లోనూ ఒప్పుకోం.

ఎవరికి చెప్పాలన్న జాబితాలో దాతలు తప్ప ఎవరూ కనిపించకపోవడం ఇంకో లోపం. అందరికంటే ముందు తెలియాల్సింది సిబ్బందికి. గేటు దగ్గర జనం ఆపి అడిగేది ట్రస్టీలను కాదు, వాచ్‌మన్‌నీ వంట మనిషినీ. ప్రచారం మొదలైన రోజు వాళ్ల చేతిలో మూడు వాక్యాల జవాబు, ఎవరికి ఫోన్ చేయమనాలో ఒక నంబరు ఉండాలి. ఆ తర్వాత ఇరుగుపొరుగు, స్కూలు, ఆస్పత్రి, అధికారులు. వీళ్లలో ఒక్కొక్కరిని అడగాల్సింది ఒక్కొక్కటి. టీచర్‌ను డబ్బు అడగరు, వెనకబడ్డ పిల్లవాడికి సాయంత్రం గంట సమయం అడుగుతారు.

ఇప్పుడు ఫొటోల సంగతి. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 16వ అధికరణం పిల్లల ఏకాంతానికి, గౌరవానికి రక్షణ ఇస్తుంది. హోంలో ఉన్నంతమాత్రాన ఆ హక్కు పోదు. కళ్ల మీద నల్ల పట్టీ వేస్తే సరిపోతుందనుకోవడం భ్రమ. యూనిఫాం మీద స్కూలు బ్యాడ్జి, వెనక గోడ మీద హోం పేరు, పక్కన తోబుట్టువు ఉంటే పిల్ల ఎవరో గుర్తుపట్టడానికి ముఖం అక్కర్లేదు. రాతలోనూ ఇంతే. పేరు మార్చి, వయసూ ఊరూ హోంకు వచ్చిన కారణమూ రాస్తే ఆ ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది. ఈ పత్రికలో వయసు, ఆ పత్రికలో ఊరు వచ్చినా అంతే, చదివేవాళ్లు రెండూ కలుపుకుంటారు. లొకేషన్ ఆన్‌లో ఉన్న ఫోన్‌తో తీసిన ఫొటో ఫైలులో ఆ చోటు వివరాలు నిక్షిప్తమై ఉంటాయి. ఫైలును ఉన్నదున్నట్టుగా పంపితే అవీ వెళ్తాయి. పంపేముందు తీసేయాలి, అసలు కెమెరాలో లొకేషన్ ఆపేసి తీయడమే మేలు.

సమ్మతి పత్రం మీద సంతకం ఉంటే చాలదా అంటారు. తనకు తిండీ నీడా ఇస్తున్న వార్డెనే వచ్చి 'ఫొటో తీసుకోనా' అంటే కాదనగల పిల్లలు ఎందరు? అడిగేది వార్డెన్ కాకూడదు. సంరక్షకుల సంతకంతో పాటు పిల్లల ఇష్టం విడిగా అడగాలి, ఎక్కడ వేస్తారో చూపించి అడగాలి. వేసేముందు ఇంకోసారి అడగాలి. పత్రంలో గడువు, రెండేళ్లు అనుకుందాం, రాయాలి. ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చనీ, అయితే ఇంటర్నెట్‌లోకి వెళ్లింది పూర్తిగా చెరపలేమనీ దాచకుండా చెప్పాలి. ఎనిమిదేళ్లప్పుడు సరదాగా ఒప్పుకున్న ఫొటో ఇరవై ఏళ్లప్పుడు ఉద్యోగం దగ్గర బయటపడుతుంది. కోర్టు కేసు నడుస్తున్నవాళ్లు, హింస నుంచి బయటపడ్డవాళ్లు, తమ కోసం ఎవరైనా వెతుకుతున్నవాళ్లు అయితే అడగడం కూడా అనవసరం. వాళ్ల పేర్లు ఫొటో తీయకూడని జాబితాలో ఉండాలి. ఆ జాబితా ప్రచార బాధ్యత ఉన్న సిబ్బంది దగ్గర ఉంటుంది, కారణాలు మాత్రం ఉండవు.

మరి చూపించడానికి ఏం మిగులుతుంది? చాలా. ఆయా తెల్లవారుజామున చేసే పని, హోంవర్క్ బల్ల, జ్వరం వచ్చిన రాత్రి ఎవరు మేల్కొంటారన్న డ్యూటీ చార్టు, పేరు లేకుండా, పిల్లలను అడిగి తీసుకున్న వాళ్లు గీసిన బొమ్మలు. పెద్దవాళ్లై బయటికి వెళ్లినవాళ్లు ఇష్టపడితే సొంత పేరుతో మాట్లాడొచ్చు, అచ్చుకు వెళ్లేముందు ఆ కాపీ వాళ్లు చదివి సరే అన్నాక. ఇద్దరు ముగ్గురి జీవితాలు కలిపి ఒక కథ రాస్తే కలిపి రాశామని కిందే వేయాలి. వేరే పిల్లల ఫొటో వాడినా అంతే.

ఇంకో చిక్కు ఉంది, దీన్ని చాలామంది ప్రచారకులు అసలు గమనించరు. 'ఇంతమంది పిల్లలకు ఆశ్రయమిచ్చాం' అని పెద్ద అంకె చూపడం. హోంలలో ఉండే పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో ఉంటారు, చాలాసార్లు పేదరికమే వాళ్లను అక్కడికి చేరుస్తుంది. పేదరికం ఒక్కటే కారణంగా పిల్లలను కుటుంబం నుంచి వేరు చేయకూడదని 2009లో ఐక్యరాజ్యసమితి ప్రత్యామ్నాయ సంరక్షణ మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి. తలకింత అని విరాళం అడిగే ప్రచారం తెలియకుండానే హోంను తలలు లెక్కపెట్టే వైపు నెడుతుంది. పిల్లవాడు ఇంటికి వెళ్తే ఆదాయం తగ్గుతుంది మరి! ఏడాదిలో ఎందరు కుటుంబానికి తిరిగి చేరారు, ఎందరికి హోంకు రాకుండానే ఇంటి దగ్గర సాయం అందింది అన్నవి ప్రచారంలో మొదటి అంకెలు కావాలి. రెండు వారాలకు వచ్చి పిల్లలతో ఆడుకుని వెళ్లే వాలంటీర్లను పిలవడమూ ఇలాంటిదే. వచ్చినవాళ్లు వెళ్లిపోతూ ఉంటే పిల్లలకు ప్రతిసారీ మళ్లీ ఒక ఎడబాటు. ఇలాంటి కార్యక్రమాల వల్ల జరిగే హానిని నివారించమని 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ దేశాలను కోరింది. వాలంటీరు కావాలంటే నేపథ్యం పరిశీలించి లెక్కలు రాయడానికో, ట్యాపులు బాగుచేయడానికో, వెబ్‌సైటుకో పిలవండి.

వార్త వచ్చే రోజుకు ముందు వారం పరీక్షల వారం. హోంతో సంబంధం లేని ఒకరి ఫోన్ నుంచి చిన్న మొత్తం పంపించి చూడాలి. హోం పేరు ఒకటి, బ్యాంకు ఖాతా ట్రస్టు పేరు మీద ఇంకొకటి ఉండటం మామూలే. స్క్రీన్ మీద తెలియని పేరు కనిపించగానే దాత ఆగిపోతాడు. కాబట్టి రెండు పేర్లూ కరపత్రంలోనే వేయాలి. క్యూఆర్ కోడ్ రెండు సెంటీమీటర్లకు తగ్గకుండా ఉండాలి, అచ్చయిన కాగితం మీదే స్కాన్ చేసి చూడాలి, కంప్యూటర్ తెర మీద కాదు. ఆదివారం వార్త వస్తుంటే ఆదివారం ఫోన్ ఎత్తే మనిషి కావాలి. మోగి మోగి ఆగిన ఫోన్‌కు రెండోసారి చేసేవాళ్లు తక్కువ.

ప్రెస్ నోట్ ఒక్క పేజీ, 250 పదాలు. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ మొదటి పేరాలోనే ఉండాలి. ట్రస్టీల పేర్లు చివరికి. అడగడానికి, చూడటానికి ఏమీ లేకుండా ప్రెస్ మీట్ పెట్టొద్దు. రిపోర్టర్‌కు ఆ పూట ఇంకో మూడు కార్యక్రమాలు ఉంటాయి.

హోం మీద ఆరోపణ వచ్చిన రోజు ఏం చేయాలో కూడా ముందే రాసి పెట్టుకోవాలి. మొదటి ఫోన్ అధికారులకు, విలేకరులకు కాదు. సోషల్ మీడియాలో ముందే వరుసలో పెట్టిన పోస్టులన్నీ ఆపేయాలి. మాట్లాడేది ఒక్కరే. తెలిసింది ఇది, చేసింది ఇది, మళ్లీ ఫలానా గంటకు చెప్తాం, అంతే. 'ఇది కుట్ర' అన్న మాట నోటి వెంట వస్తే తర్వాత ఎన్ని నిజాలు చెప్పినా వినేవాళ్లుండరు. ఆరోపణతో సంబంధమున్న పిల్లల గురించి, మంచిగానైనా సరే, ఒక్క వివరం చెప్పకూడదు.

ఫలితం కొలవడానికి ఎన్ని కాలమ్‌ల వార్త వచ్చిందో టేపు పెట్టి కొలిచి, ప్రకటన రేటుతో గుణించే అలవాటు ఇంకా పోలేదు. అది ప్రచార విలువ కాదని, ప్రచార ఫలితాలను ఎలా కొలవాలో ఆ రంగం వాళ్లే 2010లో ఒప్పుకున్న బార్సిలోనా సూత్రాలు తేల్చాయి. విరాళం ఫారంలో 'మా గురించి ఎక్కడ విన్నారు' అన్న ఒక్క ప్రశ్న, కరపత్రానికీ పత్రికకూ వేర్వేరు క్యూఆర్ కోడ్‌లు ఉంటే చాలు. నెలనెలా ఇస్తామని చేరినవాళ్లలో ఆరు నెలల తర్వాత ఎందరు మిగిలారో చూడండి. మొదట పలకరించిన ఇరవై మందినీ అదే ప్రశ్న మళ్లీ అడగండి.

చివరిగా మీ డెస్క్‌కు ఒక విన్నపం. హోం నుంచి ఫొటో వస్తే, పిల్లల సమ్మతి ఎవరు, ఎప్పుడు తీసుకున్నారని అడగండి. జవాబు రాకపోతే ఫొటో లేకుండా వార్త వేయండి. దాత పేరు ఒక లైనుకు కుదించి, మిగిలిన చోటులో మూడు సంగతులు రాయించండి: హోంకు రిజిస్ట్రేషన్ ఉందా, ఆఖరి ఆడిట్ ఎప్పుడు, పోయిన ఏడాది ఎందరు పిల్లలు ఇంటికి వెళ్లారు.

ఇట్లు,
స్వచ్ఛంద సంస్థల ప్రచార విభాగాల్లో పనిచేస్తున్న కొందరు పాఠకులు