బావా, మొదటి కిట్ జిప్సీ వద్దు

హమామాత్సు, జపాన్
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

నీ వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నాను. పదకొండు నిమిషాల్లో ఎనిమిది నిమిషాలు నాన్నగారి పాత మారుతి జిప్సీ జీపు గురించే మాట్లాడావు. వింటుంటే నాకూ మారేడుమిల్లి ఘాట్ రోడ్డు గుర్తొచ్చింది. వెనకాల ఎదురెదురు సీట్లలో మోకాళ్ళు తగిలించుకుంటూ కూర్చున్న మనిద్దరం, ఎండకి వేడెక్కిన టాపు గుడ్డ వాసన, ప్రతి మలుపులోనూ నాన్నగారు కొట్టే హారన్. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతానని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. మీ చెల్లెలు పడుకుంది. చెల్లెమ్మనీ అల్లుణ్ణీ అడిగానని చెప్పు.

సంగతికి వస్తాను. ముక్కలు కలిపి చేసే ప్లాస్టిక్ కారు కిట్ ఒకటి కొని సాయంత్రాలు నువ్వూ అల్లుడూ కలిసి చేద్దామనుకుంటున్నారు, నాన్నగారి జిప్సీ చెయ్యాలని నీ మనసు, ఏది కొనాలో చెప్పమన్నావు. రెండు లింకులు కూడా పంపావు. ఒకటి 1/12 స్కేల్, అంటే అసలు కారులో పన్నెండో వంతు ఉండే రేసు కారు, రెండోది ఇంజినుతో సహా లోపలి సరంజామా అంతా ఉన్న స్పోర్ట్స్ కారు. రెండూ వద్దు బావా. ఎందుకో చెప్తాను, కోప్పడకుండా చదువు.

నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో సరిగ్గా అలాంటిదే కొన్నాను. డబ్బా మీద బొమ్మ చూసి మనసు ఆగలేదు. ఇంటికొచ్చి విప్పితే చిన్నా పెద్దా కలిపి వందల ముక్కలు. ఇంజినుకే నాలుగు రాత్రులు పట్టింది. అంత కష్టపడి చేసిన ఇంజిను బానెట్ మూస్తే కనపడదు, తెరిచి ఉంచుదామంటే బానెట్ సరిగ్గా కూర్చోదు. చివరికి ముందు అద్దం సూపర్ గ్లూతో అతికించాను. పొద్దున లేచి చూస్తే అద్దమంతా తెల్లటి మసక. ఆ గ్లూ ఆరేటప్పుడు వచ్చే ఆవిరి దగ్గర్లో ఉన్న పారదర్శకమైన ప్లాస్టిక్ మీద పేరుకుంటుందని నాకప్పుడు తెలీదు. తుడిస్తే పోలేదు. డబ్బా మూసేసి అటక మీద పెట్టాను. తర్వాత ఏడాదిన్నర దాకా ఏ కిట్టూ ముట్టుకోలేదు. పాడైన కారు కంటే ఆ ఏడాదిన్నర పోయిందనే నాకు ఇప్పటికీ బాధ.

అందుకే మొదటి కిట్‌ని పూర్తవుతుందా లేదా అన్న ఒక్క లెక్కతోనే కొనమంటాను. ఎంత ఇష్టమైన కారో, ఎంత పెద్దదో, ఎన్ని ముక్కలో అన్నవన్నీ తర్వాత చూసుకోవచ్చు. ఒక్కటి పూర్తి చేసి షెల్ఫులో పెట్టినవాడు రెండోది తప్పకుండా మొదలుపెడతాడు. నాన్నగారి జిప్సీ నీకు ప్రాణం కాబట్టే దాన్ని మూడో కిట్‌గా ఉంచమంటున్నాను. చెయ్యి తిరక్కముందు దాని మీద పడితే పాడవుతుంది, అది నువ్వు తట్టుకోలేవు.

మొదటిది నేనే తెస్తాను. సంక్రాంతికి వస్తున్నాను కదా. ఆవోషిమా అనే కంపెనీ 'ద స్నాప్ కిట్' పేరుతో 1/32 స్కేల్‌లో కార్లు చేస్తుంది. అందులో సుజుకి జిమ్నీ ఉంది. జిమ్నీ అంటే తెలుసుగా, మన జిప్సీ వంశమే. గ్లూ అక్కర్లేదు, ముక్కలు ఒకదాంట్లో ఒకటి నొక్కితే టక్కున కూర్చుంటాయి. రంగూ అక్కర్లేదు, బాడీ ప్లాస్టిక్కే కారు రంగులో పోసి ఉంటుంది, లైట్లకీ గుర్తులకీ స్టిక్కర్లు ఇస్తారు. అసలు కారు 3,395 మిల్లీమీటర్లు, ముప్పై రెండుతో భాగిస్తే పదిన్నర సెంటీమీటర్లు. అల్లుడి అరచేతిలో పడుతుంది. ఒక్క ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలుపెడితే సాయంత్రం టీ వేళకి కారు తయారు. పిల్లాడి ఆట వస్తువని చిన్నచూపు చూడకు. ముక్క ఎటు తిప్పితే ఎందులో కూర్చుంటుంది, ఎలా బిగించాలో చూపించే బొమ్మల కాగితం ఎలా చదవాలి, ఎంత బలంగా నొక్కాలి, ఇవన్నీ నీ వేళ్ళకి తెలిసేది అందులోనే.

గ్లూ లేని కిట్ ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. కిట్ అయితే సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టి తెచ్చేస్తాను. స్ప్రే రంగు డబ్బాలు, ప్లాస్టిక్ గ్లూ మంట అంటుకునే సరుకు, విమానంలో రానివ్వరు. అవి నువ్వు అక్కడే సంపాదించుకోవాలి, ఆ వెతుకులాట మొదటి రోజే ఎందుకు? పైగా మన దగ్గర బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతం చేశారు, 2023లో 70 చేశారు. ధర చూసి గుండె గుభేలుమందన్నావే, అందులో దాని వాటా పెద్దదే. అంత డబ్బు పోసి నేర్చుకోవడానికి చెయ్యి వణుకుతుంది. అలాంటి చేత్తో పని సరిగ్గా సాగదు.

నేనుండే ఊరి పక్కనే ఈ కిట్లకి పుట్టిల్లు ఉందని నీకెప్పుడూ చెప్పలేదనుకుంటా. షిజువోకా. కొడామా అనే బుల్లెట్ రైలెక్కితే ఇక్కణ్ణుంచి అరగంట లోపే. టామియా, ఆవోషిమా, ఫుజిమి, ఈ కిట్ కంపెనీలన్నీ ఆ ఒక్క ఊరివే, హసెగావా ఏమో దాని పక్కనే ఉన్న యాయిజుది. గుడుల పని, కోట పని కోసం పూర్వం వచ్చిన వడ్రంగులు అక్కడే స్థిరపడ్డారట. ఆ చెక్క పనే తర్వాత చెక్క విమానాల బొమ్మలైంది, అవే ప్లాస్టిక్ కిట్లయ్యాయి. టామియా 1946లో మొదలైంది కూడా కలప వ్యాపారంగానే. మొదటి ప్లాస్టిక్ మోడల్ 1960లో చేశారు, యమాటో యుద్ధనౌక. ఇప్పుడు ఆ ఊళ్ళో నడుస్తుంటే పోస్టు డబ్బాని కూడా, కిట్ ముక్కలు ప్లాస్టిక్ చట్రానికి అంటుకుని వస్తాయే అలాగే, చట్రంలో బిగించి నిలబెట్టారు. ఏటా మే నెలలో హాబీ షో జరుగుతుంది. ఓసారి మీరంతా ఆ సమయానికి రండి, అల్లుణ్ణి అక్కణ్ణుంచి లాక్కురావడం కష్టమవుతుంది.

రెండో కిట్ దగ్గరే అసలు విద్య మొదలవుతుంది. దీనికి టామియా 1/24 కారు తీసుకో. ముక్కలు ఒకదానికొకటి అతికే తీరులో వాళ్ళని మించినవాళ్ళు లేరని నా నమ్మకం. ఫైల్‌తో అరగదీసి, పుట్టీ పెట్టి సందులు పూడ్చే అవసరం చాలావరకు రాదు. కొత్తవాడికి అదే కొండంత అండ. నేనైతే టయోటా 86 అంటాను. పైకప్పు మూసి ఉన్న కారు కాబట్టి లోపలి సీట్ల రంగు కాస్త అటూ ఇటూ అయినా కంటికి ఆనదు. టాపులేని కార్లలో ఆ అవకాశం ఉండదు. ఇంజిను లేని కిట్ చూసుకో, నేను నాలుగు రాత్రులు ఎలా పోగొట్టుకున్నానో చెప్పాను కదా. రంగు తెలుపు పెట్టుకో. తెల్ల ప్లాస్టిక్ మీద తెల్ల రంగు పల్చగా పడినా పట్టివ్వదు. మెటాలిక్ రంగులు, ముఖ్యంగా వెండి రంగు, ప్రతి గీతనీ ప్రతి వేలిముద్రనీ ఎత్తి చూపిస్తాయి.

అమెరికా కిట్లు చౌకగా దొరికితే తొందరపడకు. ఏఎమ్‌టీ వాళ్ళవి 1/25 స్కేల్. చాలా అందమైన పాత కార్లుంటాయి, నాకూ ఇష్టమే. కానీ అరవయ్యేళ్ళ కిందటి అచ్చులనే మళ్ళీ మళ్ళీ పోసి కొత్త డబ్బాలో అమ్మడం అక్కడ మామూలు. డబ్బా తళతళలాడుతుంది, లోపల ముక్కల అంచులకి ప్లాస్టిక్ రెక్కలు వేలాడుతుంటాయి. పైగా 1958 నుంచీ వాళ్ళకి 'త్రీ ఇన్ వన్' పద్ధతి ఉంది. ఒకే డబ్బాలో కారు మామూలుగానో, సొంత ముస్తాబుతోనో, రేసుకో చేసుకునేలా మూడు రకాల ముక్కలు వేస్తారు. అనుభవం ఉన్నవాడికి అది పండగ. నీకు మాత్రం ఏ ముక్క ఎందుకు మిగిలిందో తెలీక బుర్ర వేడెక్కుతుంది. ఎక్కడైనా రెవెల్ అనే కంపెనీ డబ్బా కనిపిస్తే దాని మీద కష్టం ఎంతో అంకెల్లో వేసి ఉంటుంది. ఒకటి, రెండు దాటకు. ఏ కంపెనీదైనా కొనే ముందు బొమ్మల కాగితం నెట్‌లో వెతికి చూడు. ఆ కాగితం ఎన్ని పేజీలుందో చూస్తే పని ఎంతో తెలిసిపోతుంది.

పనిముట్లు ఎక్కువ కొనకు. చిన్న నిప్పర్ కటర్, సన్నటి కత్తి, పట్టకారు, 400 నుంచి 2000 నంబరు దాకా నీళ్ళలో తడిపి రుద్దే ఎమరీ పేపర్లు, మాస్కింగ్ టేపు. చట్రం నుంచి ముక్కని ఒక్క దెబ్బకి కత్తిరించకు. ముందు కాస్త దూరంగా కత్తిరించు, తర్వాత దగ్గరగా కత్తిరించి పేపర్‌తో రుద్దు. మొదటే మొదలంటా నొక్కితే ప్లాస్టిక్ తెల్లగా చిట్లుతుంది.

గ్లూ సంగతి బాగా గుర్తుపెట్టుకో. ప్లాస్టిక్ కిట్ గ్లూ పని చేసే తీరే వేరు. అది రెండు ముక్కల అంచులనీ కొద్దిగా కరిగిస్తుంది, కరిగినవి కలిసిపోయి ఒకే ముక్కవుతాయి. వెల్డింగ్ లాంటిదన్నమాట. అందుకే ఒక్క చుక్క చాలు, వేలికంటి బాడీ మీద పడిందా అక్కడ మచ్చ శాశ్వతం. అద్దాలకి మాత్రం ఇంట్లో ఉన్న ఫెవికాల్ పుల్లతో కొంచెం పెట్టు, ఆరాక కనపడదు, మసకా పట్టదు. నా కారు అద్దానికి అది పెట్టి ఉంటే బాగుపడేది. క్రోమ్ పూత ఉన్న బంపర్ల లాంటి వాటికి గ్లూ తగిలే చోట పూతని కత్తితో గీకేయ్, లేకపోతే పూతకి అంటుకుంటుంది గానీ ప్లాస్టిక్‌కి అంటుకోదు, నాలుగు రోజుల్లో ఊడొస్తుంది.

రంగు వేసే ముందు బాడీని గిన్నెల సబ్బుతో కడిగి ఆరబెట్టు, అచ్చులో పూసిన జిడ్డు పోవాలి. వానాకాలంలో స్ప్రే ముట్టుకోవద్దు. రాజమండ్రిలో ఆ నెలల్లో గాల్లో ఉండే తడికి లాక్కర్ రంగు ఆరుతూ ఆరుతూ పాలు పోసినట్టు తెల్లబడుతుంది. ఇక్కడ జూన్ వానల్లో నాకూ అలాగే అయింది. సంక్రాంతి రోజులు బాగుంటాయి. పొద్దుటి మంచు విడిచాక, పదకొండు గంటలప్పుడు, డాబా మీద గాలి తగలని మూల చూసుకుని వేద్దాం. ఒక్కసారే మందంగా కాకుండా పల్చగా మూడు నాలుగు పూతలు. ముక్కుకి మాస్కు తప్పనిసరి, అల్లుణ్ణి ఆ కాసేపు కిందే ఉంచు.

ఇక జిప్సీ. హసెగావా 1/24లో పాత జిమ్నీ ఒకటి చేసింది, జేఏ11 అంటారు. నాన్నగారి బండి తరం జిమ్నీయే అది. కానీ నీకు ముందే నిజం చెప్పాలి, అది అచ్చంగా జిప్సీ కాదు. జిప్సీ నాలుగు మీటర్ల బండి, వెనక మనం కూర్చునేంత చోటు ఉండేలా పొడుగు చేశారు. జేఏ11 పొట్టిది. ఆ స్కేల్‌లో రెండిటికీ మధ్య సుమారు మూడు సెంటీమీటర్ల తేడా వస్తుంది. రెండు కిట్లు పూర్తయ్యాక, నీ చేతికి కత్తీ పుట్టీ అలవాటయ్యాక, మధ్యలో కోసి ఆ మూడు సెంటీమీటర్లూ ప్లాస్టిక్ షీట్‌తో కలుపుదాం. నేనిప్పటికి అలాంటివి రెండు చేశాను, అవుతుంది. మనిద్దరం కూర్చున్న చోటు సరిగ్గా ఆ మూడు సెంటీమీటర్లే బావా. దాన్ని నీ చేత్తోనే కలపాలని నా కోరిక.

దానికి కొలతలు కావాలి. మీ పాత ఆల్బమ్‌లో రంపచోడవరం క్వార్టర్స్ ముందు జిప్సీని పక్క నుంచి తీసిన ఫొటో ఉండాలి, నాన్నగారు బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డది. అది వెతికి ఫోన్లో స్కాన్ చేసి పంపు. రంగు ముదురు ఆకుపచ్చ అని నా జ్ఞాపకం, నువ్వేమో బూడిద రంగు కలిసిన పచ్చ అంటావు. అమ్మని అడుగు, ఆవిడకి తెలుస్తుంది.

నీ
బావ