కుందేళ్ల టీకా: ఈ శనివారం ఉదయం 10 గంటలకు

యూకేలో కుందేళ్లు పెంచుకుంటున్న మనవాళ్లందరికీ నమస్కారం. శనివారం మన వెట్ దగ్గర అందరికీ కలిపి స్లాట్ తీసుకున్నాం.

వేసేది నోబివాక్ మిక్సో-ఆర్‌హెచ్‌డీ ప్లస్. ఒక్క సూదితో కుందేళ్లకు వచ్చే రెండు ప్రమాదకరమైన వైరస్ జబ్బుల నుంచి రక్షణ: మిక్సోమాటోసిస్, ఇంకా రెండు రకాల ఆర్‌హెచ్‌డీ (లోపల రక్తస్రావం అయ్యే జబ్బు). 5 వారాల పిల్లలకీ వేయొచ్చు. రక్షణ రావడానికి 3 వారాలు పడుతుంది, ఏడాది ఉంటుంది.

టీకా వేయించినా మిక్సోమాటోసిస్ అప్పుడప్పుడు వస్తుంది, కానీ ఎక్కువగా తేలిగ్గానే పోతుంది. టీకా లేని కుందేలుకైతే కళ్లు వాచి మూసుకుపోతాయి, తిండి మానేస్తుంది, బతకడం కష్టం. ఆర్‌హెచ్‌డీలో రెండో రకమైన ఆర్‌హెచ్‌డీ2 మన చెప్పులకు అంటుకుని కూడా ఇంట్లోకి రాగలదు. కాబట్టి గడప దాటని కుందేళ్లకీ తప్పకుండా వేయించండి, ప్లీజ్.

గురువారంలోపు కుందేలు పేరు, వయసు ఇక్కడ పెట్టండి. పాత టీకా కార్డు మర్చిపోవద్దు.

ఖాళీ కడుపుతో తేవద్దు, బుట్టలో ఎండుగడ్డి వేయండి. జంటగా ఉండేవాటిని కలిపే తీసుకురండి.