గుడారం వేసుకోడానికి కాస్త చోటు చూపించండి

ఎడిటర్ గారికి,

నమస్కారమండి. మీ పేపర్లో టూరిజం గురించి ఎప్పుడు వార్త వచ్చినా రిసార్టు, ఫైవ్‌స్టార్ హోటలు, సీప్లేన్, ఇవే కనపడతాయి. 2024 నవంబర్లో పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి సీప్లేన్ ట్రయల్ వేసినప్పుడు మా వీధి వీధంతా మేడలెక్కి చూసింది, నేనూ చూశాను, బాగానే ఉంది. కానీ అందులో ఎక్కేదెవరు? నాలాంటి పెన్షన్ మనిషి, ఆటో నడుపుకునే మనిషి, గవర్నరుపేటలో షాపులో చేసే మనిషి, శనివారం సాయంత్రం పెళ్ళాం పిల్లల్ని తీసుకుని ఒక రాత్రి చెట్ల కింద పడుకుని ఆదివారం తిరిగొచ్చెయ్యాలంటే విజయవాడ చుట్టుపక్కల ఎక్కడికి వెళ్లాలో చెప్పండి. నాకైతే తెలియట్లేదు, అందుకే ఈ ఉత్తరం.

మా అమ్మాయి వాళ్లు బెర్లిన్‌లో ఉంటారు. మొన్న ఎండాకాలం నేనూ మా ఆవిడా వెళ్తే అల్లుడు ఒక శుక్రవారం సాయంత్రం గుడారం, పరుపులు, గ్యాస్ పొయ్యి రెండు బ్యాగుల్లో సర్ది పదండి మావయ్యా క్యాంపింగ్‌కి అన్నాడు. కారు లేదు వాళ్లకి. లోకల్ ట్రైన్‌లో వాన్‌జే అనే స్టేషన్లో దిగి, అక్కడ రేవులో పడవెక్కి ఓ ఇరవై నిమిషాల్లో సరస్సు దాటి క్లాడో అనే పేటలో దిగాం, దిగి మళ్లీ సిటీ బస్సు. ఆ పడవక్కూడా వేరే టికెట్టు లేదండి, ట్రైన్‌కి కొన్న టికెట్టే చెల్లుతుంది. 36 లక్షల పైన జనం ఉన్న సిటీ అది, దాని ఎల్లల్లోనే పైన్ చెట్ల మధ్య క్యాంప్‌సైట్, జనమంతా గుడారాలు వేసుకుని, కారవాన్లు (కారు వెనక తగిలించి లాక్కెళ్లే గది లాంటి చక్రాల బండ్లు) పెట్టుకుని హాయిగా ఉన్నారు. పక్కనే గ్రోస్ గ్లీనికర్ అని ఒక సరస్సు.

ఆ సరస్సు కథ మా అల్లుడు చెప్తే ముచ్చటేసింది. తూర్పు జర్మనీకి పశ్చిమ బెర్లిన్‌కి బోర్డర్ ఆ నీళ్ల మధ్య నుంచే పోయేదంట, ఇవతలి ఒడ్డు పశ్చిమ బెర్లిన్‌ది, అవతలి ఒడ్డు తూర్పు జర్మనీది, ఈదుకుంటూ సగం దాటితే ఇంకో దేశం. పశ్చిమ బెర్లిన్ చుట్టూ ఉన్నదంతా తూర్పు జర్మనీయే, 1961లో వాళ్లు గోడ కట్టాక పశ్చిమ బెర్లిన్ వాళ్లు నాలుగు వైపులా బందీలైపోయారు కదా, ఆదివారం పూట ఊరి బయటికి పోదామంటే బయట అనేదే లేదు, అంచుల్లో మిగిలిన అడవి ముక్క, సరస్సు ముక్క, అవే వాళ్ల పల్లెటూళ్లు. 1989లో గోడ పోయింది, ఆ అలవాటు మాత్రం పోయినట్టు లేదు. ఏడాదంతా అద్దె కట్టి కారవాన్ అక్కడే ఉంచుకుని, చుట్టూ జానెడు ఎత్తు కంచె, పూలకుండీలు, మట్టిబొమ్మలు పెట్టుకున్న ముసలి జంటల్ని చూశాను, సిటీలో ఉండేది ఫ్లాట్‌లోనంట, శుక్రవారం వస్తే మళ్లీ సోమవారం పొద్దున్నే వెళ్లడం.

సరే అక్కడి గొప్పలు చెప్పుకోడానికి రాయట్లేదు. నన్ను పట్టుకున్నది సరస్సూ కాదు, చెట్లూ కాదు. అలాంటివి మనకి లేవా ఏంటి, కృష్ణమ్మ ఉంది, కొండపల్లి కొండలున్నాయి, గుంటూరు వాళ్లకి కొండవీడుంది, ఉప్పలపాడు కొంగలున్నాయి. అక్కడున్నవి ఇక్కడ లేనివి ఏంటంటే నీళ్ల కుళాయి, శుభ్రమైన బాత్రూమ్, గేటు దగ్గర ఒక మనిషి, బయట బస్టాపు. అంతే. ఆ నాలుగూ ఉంటే మిగతాది జనమే తెచ్చుకుంటారు.

ముందు బాత్రూముల సంగతి చెప్తాను ఎందుకంటే మన ఆడవాళ్లు ఇలాంటి చోట్లకి ఎందుకు రారో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. అక్కడ మధ్యలో ఒక పెద్ద షెడ్డు లాంటి బిల్డింగు, ఆడవాళ్లకి ఒక పక్క, మగవాళ్లకి ఒక పక్క, రాత్రంతా లైటు, రోజూ కడుగుతారు. స్నానానికి వేణ్ణీళ్లు కావాలంటే టోకెన్ వేయాలి, టోకెన్ టైమ్ అయిపోతే సబ్బు మీదుండగానే నీళ్లు ఆగిపోతాయి, అది నాకు నచ్చలేదు కానీ నీళ్లు వృథా కావు, ఒప్పుకోవాలి. పక్కనే గిన్నెలు తోముకునే సింకులు వరసగా ఉంటాయి. రాత్రి భోజనాలయ్యాక ఒక్కొక్కళ్లూ ప్లాస్టిక్ టబ్బులో గిన్నెలు పెట్టుకుని అక్కడికొస్తారు, అందులో సగం మంది మగాళ్లే, మా ఆవిడ నా వంక అదోలా చూసింది. పొద్దున టిఫినుకి బన్నులు కావాలంటే ముందు రోజు సాయంత్రమే ఆఫీసు రూములో ఎన్నో రాసిపెట్టి రావాలి, తెల్లారేసరికి సంచీ రెడీ. ఆదివారం ఆ దేశంలో షాపులు మూసేస్తారు కాబట్టి ఇది చాలా అవసరం.

రేటు కూడా మన దగ్గరలాగా గుండుగుత్తగా ఉండదు. మనిషికింత, గుడారం సైజుని బట్టి ఇంత, కారుకి ఇంత, కుక్కకి ఇంత, కరెంటు కావాలంటే ఇంత అని బోర్డు మీద విడివిడిగా రాసుంటుంది, మాకు కారు లేదు కుక్క లేదు కరెంటు వద్దన్నాం, మొత్తం బిల్లు అక్కడి మామూలు హోటల్ గది రేటులో మూడో వంతు కాలేదు. ఇక్కడ మొన్న సంక్రాంతికి ఒక ప్రైవేటు వాళ్లు నది పక్కన టెంట్లు వేశారంటే కనుక్కున్నాను. లోపల ఏసీ, మంచం, టీవీ అంట, రాత్రికి ఏడు వేలన్నారు, మన గుడారం మనం తెచ్చుకుంటే చోటిస్తారా అని అడిగితే ఫోను పెట్టేశాడు. గుడారంలో టీవీ ఏం చేసుకుంటారో నాకు అర్థం కాదు.

ఇంకోటి, చప్పుడు. రాత్రి పది దాటితే అక్కడ ఎవడూ గట్టిగా మాట్లాడడు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా కూడా గేటు దించేస్తారు, ఆ టైములో కారు లోపలికి రాదు, పోదు. మన కార్తీక వనభోజనాలకి వెళ్లండి, ఉసిరి చెట్టు కింద ఆకు వేసి కూర్చుంటే చెవి పక్కన డీజే బాక్సు, పక్క తోటలో ఇంకో డీజే, ఎవరికి ఎవరూ వినపడరు, పులిహోర అడిగితే పెరుగు వేస్తారు. పైగా ఇప్పుడు వనభోజనాలంటే ఏ కులానికి ఆ కులం, ఫ్లెక్సీలు, మంత్రి గారి స్పీచి. అసలు కార్తీకంలో చెట్ల కింద వండుకు తినడమనేది మనకి తాతల నాటి నుంచీ ఉన్నదే, ఎవరో జర్మనీ వాడు నేర్పాలా? కాకపోతే మనం సాయంత్రానికి లేచొచ్చేస్తాం, రాత్రి ఉండటానికి ఏర్పాటు లేదు, అంతే తేడా. అక్కడ మా గుడారానికి ఒక పక్క పోలండ్ వాళ్లు, ఇంకో పక్క సైకిళ్ల మీద వచ్చిన కాలేజీ పిల్లలు, వాళ్లెవరో మేమెవరో, మా ఆవిడ చేసిన ఉప్మా మాత్రం రెండు గుడారాలకీ వెళ్లింది.

స్థలం ఎక్కడ అంటారా. నా ఉద్దేశంలో కొండపల్లి, మూలపాడు వైపు కొండ కింద రెవెన్యూ భూమి ఏదైనా, లేదంటే కృష్ణ మధ్యలో ఉన్న భవానీ ద్వీపంలోనే ఒక మూల. భవానీ ద్వీపం 133 ఎకరాలు, అంతా కాటేజీలే కట్టాలని రూలేం లేదు కదా. 2024 సెప్టెంబర్ వరదలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది, ద్వీపం మొత్తం మునిగింది, 2019లోనూ మునిగింది, ప్రతిసారీ కట్టినవన్నీ పాడవడం, మళ్లీ టెండర్లు, మళ్లీ రిపేర్లు. అదే గుడారాల మైదానం అయితే పాడవడానికి ఏముంటుంది? జర్మనీలో నదుల పక్కన క్యాంప్‌సైట్లు బోలెడు, నీళ్లు పెరుగుతుంటే చక్రాల బండ్లు కదా, లాక్కుపోతారు. మనకైతే సీజనే నవంబర్ నుంచి ఫిబ్రవరి, వరద టైముకి ఎలాగూ మూసే ఉంటుంది. ఎండాకాలం 45 డిగ్రీల్లో గుడారంలో పడుకోమని నేనేం చెప్పట్లేదు. నది కరకట్ట లోపల కాంక్రీటు కట్టొచ్చా కట్టకూడదా అని ఏళ్ల తరబడి కోర్టుల్లో కొట్టుకుంటున్నాం, ఇక్కడ కాంక్రీటే అక్కర్లేదు, బాత్రూములు కూడా గట్టు మీద కట్టుకోవచ్చు.

మన వాళ్లకి చేతకాదని మాత్రం అనకండి. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకి పన్నెండు రోజులు పుష్కర నగర్లని వేసి షెడ్లు, కుళాయిలు, టాయిలెట్లు, క్లోక్‌రూములు పెట్టింది మన అధికారులే కదా. ఏటా దసరాకి, భవానీ దీక్షల విరమణకి లక్షల మందికి ఏర్పాట్లు చేస్తున్నది వీళ్లే. అలాంటి వాళ్లకి యాభై గుడారాల మైదానం నడపడం ఒక లెక్కా? ఎటూ 2028లో మళ్లీ పుష్కరాలొస్తున్నాయి, అప్పటికి ఇలాంటి మైదానాలు నాలుగైదు నడుస్తుంటే యాత్రికులకీ పనికొస్తాయి.

ఇక అభ్యంతరాలు. మా అపార్ట్‌మెంట్లో సాయంత్రం బెంచీ దగ్గర ఇది కదిపితే అందరూ ఒకటే మాట, తాగుబోతులకి అడ్డా అయిపోద్దండీ అని. నిజమే, గాలికి వదిలేస్తే అవుద్ది. అక్కడ మందు మీద నిషేధం లేదు, బీరు తాగుతూనే ఉంటారు, కానీ గేటు దగ్గర పేరు, ఐడీ రాసుకోకుండా లోపలికి పంపరు, గొడవ చేస్తే సామాను సర్దించి పంపించేస్తారు. మన దగ్గర మొదట్లో మందు పూర్తిగా వద్దని పెట్టినా నాకేం అభ్యంతరం లేదు, కుటుంబాలు వస్తాయి. రాత్రి పూట ఒక మహిళా గార్డు ఉండాలి, ఇది తప్పనిసరి.

రెండోది చెత్త. అక్కడ ప్లాస్టిక్ సీసా, బీరు డబ్బా కొన్నప్పుడే 25 సెంట్లు ఎక్కువ తీసుకుంటారు, ఖాళీ సీసా తిరిగిస్తే ఆ డబ్బులు వెనక్కి, అందుకని ఎవడూ పారెయ్యడు, పారేసినా ఇంకొకడు ఏరుకుంటాడు. మనం కనీసం గేటు దగ్గర వంద రూపాయలు డిపాజిట్ పెట్టుకుని, వెళ్లేటప్పుడు చోటు చూసి తిరిగివ్వొచ్చు. వాడిన నీళ్లు నదిలోకి వదలకుండా అక్కడ పారబోసే చోటు విడిగా ఉంటుంది, ఇది మనకి ఇంకా ముఖ్యం, ఆ నీళ్లే కదా మనం తాగేది.

మంట విషయంలో కూడా గట్టిగా ఉండాలి. క్యాంపింగంటే క్యాంప్‌ఫైర్ అనుకుంటారు సినిమాలు చూసి, అక్కడ నేల మీద మంట వెయ్యనివ్వరు, పైన్ అడవులు, ఇసక నేల, ఎండితే అగ్గిపుల్ల చాలు. 2022 ఆగస్టులో ఆ సిటీలోనే గ్రూనెవాల్డ్ అనే అడవి తగలబడి పక్కనున్న హైవే కూడా మూసేశారు. కొండపల్లి అడవిలో ఫిబ్రవరికే గడ్డి ఎండిపోద్ది, కాబట్టి గ్యాస్ పొయ్యి తప్ప ఇంకోటి వద్దు.

పాములు, దోమలు అంటారు, ఉంటాయి. గడ్డి కోసి, చుట్టూ లైట్లు పెట్టి, జిప్పు ఉన్న గుడారం వాడితే చాలావరకు ఇబ్బంది ఉండదు, అక్కడ కూడా గడ్డిలో ఒక రకం పేలు ఉంటాయి, కుడితే జబ్బు చేస్తుందని రోజూ రాత్రి పిల్లల కాళ్లు చూసుకుంటారు. నీళ్ల దగ్గరైతే ఈత వద్దని బోర్డు కాదు, మనిషి కావాలి. 2017 నవంబర్లో ఇదే కార్తీక మాసంలో పవిత్ర సంగమం దగ్గర పడవ తిరగబడి ఇరవై మందికి పైగా పోయారు, అది ఈ ఊరు మర్చిపోలేదు, కాబట్టి లైసెన్సు లేని పడవ ఒక్కటి కూడా ఆ ఛాయలకి రాకూడదు.

బస్సు గురించి ఒక్క మాట. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి సిటీ ఆర్డినరీ, పల్లెవెలుగు బస్సుల్లో టికెట్టు లేదు, బస్టాండు నుంచి ఇబ్రహీంపట్నం, కొండపల్లి వైపు బస్సులు ఎటూ ఉన్నాయి. మైదానం ముందు ఒక స్టాపు పెడితే చాలు. కారున్న వాళ్ల కోసమే కడితే అది కూడా ఇంకో రిసార్టు అయిపోతుంది.

కలెక్టర్ గారో టూరిజం వాళ్లో ఇది చూస్తే, ఈ కార్తీక మాసానికి ఒక్క చోట, ఒక్క నెల ట్రయల్ వెయ్యమని నా మనవి. మా అపార్ట్‌మెంట్లో ఆరు కుటుంబాలు అప్పుడే పేర్లిచ్చాయి, అడ్డా అవుద్దన్న ఆయనతో సహా. గుడారాలు మేం కొనుక్కోవాలా, గేటు దగ్గర అద్దెకిస్తారా అన్నది మాత్రం ముందే చెప్పమనండి, బీసెంట్ రోడ్డులో అడిగితే ఆర్డరు మీద తెప్పించాలి, పది రోజులు పడుతుందన్నారు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సత్యనారాయణపురం, విజయవాడ