ప్రతిజ్ఞ నోటికొచ్చాక ఏం జరగాలి?

తల్లిదండ్రులకు నమస్కారం.

యూనిట్ టెస్ట్ మార్కులు డైరీల్లో పంపాం, చూసే ఉంటారు. ఈసారి ఉత్తరం ప్రతిజ్ఞ గురించి.

ఉదయం అసెంబ్లీలో పిల్లలు ప్రతిజ్ఞ చెప్తుంటే ఎప్పుడైనా గేటు దగ్గర నిలబడి విన్నారా? ‘సుసంపన్నమైన, బహువిధమైన’ దగ్గరకొచ్చేసరికి ఎక్స్‌ప్రెస్ రైలే. ఏ మాట ఎక్కడ ముగిసిందో వాళ్లకే తెలియదు.

దీన్ని 1962లో తెలుగులో రాసింది పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు. సొంతూరు నల్గొండ జిల్లా అన్నెపర్తి. అప్పట్లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారి. స్వాతంత్ర్య సమరయోధుడు తెన్నేటి విశ్వనాథం గారి చొరవతో నాటి రాష్ట్ర విద్యాశాఖ మంత్రి పి.వి.జి. రాజు గారి దాకా వెళ్లి, ఆ తర్వాత దేశమంతటా బడుల్లోకి వచ్చింది.

మొన్న జూన్‌లో ఐదో తరగతి చేత ఇందులోని మాటలకు అర్థాలు రాయించాం. అన్నీ కరెక్టే. దయ అంటే కరుణ అని అందరూ రాశారు. అదే రోజు ఇంటర్వెల్‌లో, వానకు సైకిల్ స్టాండ్ కింద ముడుచుకున్న కుక్కపిల్ల మీద రాళ్లు పడ్డాయి. విసిరిన ఇద్దరూ ఆ క్లాసు వాళ్లే. తిట్టబుద్ధి కాలేదు. ‘జంతువుల పట్ల దయతో ఉంటాను’ అని పొద్దున తాము అన్న మాట ఈ కుక్కపిల్ల గురించేనని వాళ్లకు నిజంగానే తట్టలేదు.

అందుకే ఇప్పుడు శనివారం చివరి పీరియడ్‌లో ఒక్కో వాక్యం తీసుకుని, ఈ మాట ప్రకారం మన బడిలో ఏం మారాలని పిల్లల్నే అడుగుతున్నాం. మొదటి వారం ఒకబ్బాయి లేచి, “సార్, దోమ కూడా జంతువేనా?” అన్నాడు. అందరూ నవ్వారు గానీ బెల్లు కొట్టినా వాదన ఆగలేదు, తేలనూ లేదు. నన్నడిగితే, అన్నేళ్లుగా చెప్తున్న ఆ వాక్యాన్ని ఆ రోజు నిజంగా విన్నది వాడే. సోమవారం నుంచి స్టాండ్ పక్కన మట్టి మూకుడులో నీళ్లు కనిపిస్తున్నాయి. ఎవరు పెడుతున్నారో మేం అడగలేదు.

కంఠస్థం వద్దనడం లేదు. నోటికి రాకపోతే దోమ ప్రశ్నే పుట్టేది కాదు. సిలబస్ వెనకబడుతుందని టెన్షన్ వద్దు, వారానికి ఒక్క పీరియడే.

వచ్చే శనివారం వంతు ‘ప్రతివారితోను మర్యాదగా నడచుకొంటాను’. ఆటో అతన్ని, పనికొచ్చే ఆమెని, కొరియర్ అబ్బాయిని ఇంట్లో పెద్దవాళ్లు ఎలా పలకరిస్తారో పిల్లలు గమనించి వచ్చి చెప్పాలి. ఇంటి సంగతులన్నీ బయటపెట్టొద్దని చెప్పాం. కానీ పిల్లలు కదా, మీరూ కాస్త జాగ్రత్తగా ఉండండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు